ఓడ మల్లయ్య ఋణము

ఓడ ఎక్కువరకు ఓడ మల్లయ్య, ఓడ దిగిన పిమ్మట బోడి మల్లయ్య అని తెలుగువారి సామెత. పట్టుమని పది మాటలు లేని ఈ వాక్యములో మానవ స్వభావమును గూర్చి ఒక గ్రంథమునకు చాలినంత సత్యము ఇమిడియున్నది. ఏటి నడుమ సుడిగుండము కంటికి కనబడుచున్నంతసేపు తెడ్డు పట్టినవాడే దైవము. పాదమునకు తడి ఇసుక తగిలిన క్షణముననే అతడు కూలివాడగును. అతని పేరు పొట్టిదగును, అతని కూలి బరువగును. ఇంతలో మల్లయ్యలో వచ్చిన మార్పేమియు లేదు. అదే తెడ్డు, అవే చేతులు, అదే ఏరు. మారినది ఒడ్డు చేరినవాని బుద్ధి మాత్రమే.

పని చేయువాడొకడు, ఆ పనిలోని అపాయమును భరించువాడొకడు, దాని ఫలమును అనుభవించువాడు మరియొకడు. ఈ మువ్వురును ఒక్కడే యైనచోట చిక్కు లేదు. తన పొలము దున్ని తన గింజ తినువాడు ఎవరికిని ఋణపడడు, ఎవరిని తప్పుపట్టడు. కాని సంఘము పెరిగినకొలది ఈ మువ్వురును వేరుపడుచు వచ్చిరి. వారి నడుమ దూరము పెరిగినకొలది ఓడ మల్లయ్యలు బోడి మల్లయ్యలగుట సులభమైనది. తెలుగు నేల చరిత్రనుండి కొన్ని ఘట్టములు తీసికొని ఈ విషయమును పరిశీలించుట విద్యార్థులకును, వారికి పాఠము చెప్పువారికిని నిష్ప్రయోజనము కాదు.

మాటలలో దాగిన తీర్పు

భాష జాతి అనుభవమునకు ధాన్యపు కొట్టువంటిది. ఏనాడో పండిన పంట అందు నిలువయుండును. నేడు 'సాహసము' అనునది మెచ్చుకోలు మాట. పిల్లలకు సాహస బాలల కథలు చెప్పుదురు, సాహసము చేసినవారికి పతకములిత్తురు. కాని ప్రాచీన ధర్మశాస్త్రములలో సాహసమనగా బలాత్కారము, దౌర్జన్యము. రాజు విచారింపవలసిన పదునెనిమిది వివాద విషయములలో అది యొకటి. నేరములకు విధించు జరిమానాల తరగతులకు కూడ సాహసదండములనియే పేరు.

ఒకే మాట ఒకచోట నేరమును, ఒకచోట గుణమును ఎట్లు తెలుపగలిగినది? రెండింటను ముందువెనుకలు చూడని తెగువ ఉన్నది, బలము ఉన్నది. భేదము వేరొకచోట కలదు. ఎవరి ప్రాణము ఒడ్డబడినది? ఎవరికొరకు ఒడ్డబడినది? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానమునుబట్టి సాహసము గుణమో నేరమో తేలిపోవును. తన ప్రాణము నొడ్డి పరుని రక్షించువాడు సాహసి. పరుల ప్రాణములొడ్డి తన లాభము పెంచుకొనువాడును సాహసియే, కాని స్మృతికర్తలు వాడిన అర్థములో.

ఈ 'ఒడ్డు' అను మాట కూడ ఆలోచింపదగినది. పందెమొడ్డుట, ప్రాణమొడ్డుట అన్నపుడది క్రియ. ఏటి ఒడ్డు, చెరువు ఒడ్డు అన్నపుడది నామము. వ్యుత్పత్తి ఏదైనను లోకవ్యవహారములో ఈ రెండును ఎదురెదురుగా నిలుచుచున్నవి. ఒడ్డినవాడు నీటి నడుమ ఉండును, ఒడ్డున ఉన్నవాడు చూచుచుండును. ఒడ్డుననున్నవాడు ఏమి చేసెనన్నదే సంఘము యొక్క నాగరకతకు గీటురాయి.

మోటుపల్లి రేవులో ఒక రాజు మాట

బాపట్ల జిల్లాలో చినగంజామునకు సమీపమున సముద్రపుటొడ్డున మోటుపల్లి అను చిన్న గ్రామము కలదు. నేడది నిశ్శబ్దమైన పల్లె. ఒకనాడు దేశదేశముల ఓడలు లంగరు దించిన రేవు. పదమూడవ శతాబ్దము చివర ఈ తీరమునకు వచ్చిన మార్కోపోలో ఇచ్చటి సన్నని వస్త్రములను మెచ్చి వ్రాసినాడు. అక్కడి వీరభద్రాలయములోని స్తంభముపై కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సరమున వేయించిన శాసనము కలదు. చరిత్రకారులు దీనిని అభయశాసనమని పిలుతురు.

ఆ శాసనములోని విషయమిది. పూర్వపు రాజులు, ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు తుపానులో చిక్కి పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను సర్వమును బలవంతముగా లాగికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును విడిచిపెట్టెను. ప్రాణముకంటె ధనమునే ఎక్కువగా ఎంచి సముద్రయానమను మహాపాయమునకు పూనుకొన్నవారినుండి నిర్ణీతమైన సుంకమును తప్ప మరేమియు గైకొనరాదని శాసించెను. దీనికాయన చెప్పిన కారణములు దయ, కీర్తి, ధర్మము. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పది పాళ్లలో ఒక పాలు.

ఈ శాసనమును రెండు విధములుగా చదువవచ్చును. ఒకటి, కరుణామయుడైన రాజు దీనులైన వర్తకులకు అభయమిచ్చెననుట. రెండవది, తెలివిగల రాజు రేవు వ్యాపారము వృద్ధిచేసి తన ధనాగారము నింపుకొనెననుట. పాఠశాలలో మొదటిదియే చెప్పుదురు, తర్కము నేర్చినవారు రెండవదియే చెప్పుదురు. నిజమునకు ఈ రెండింటికిని వైరము లేదు. పగిలిన ఓడను దోచినవానికి ఆనాటికి ఒక ఓడ సరుకు దక్కును. దోచుకొననివానికి మరునాటినుండి నూరు ఓడల సుంకము దక్కును. దయయు, దూరదృష్టియు ఒకే దారిన పోవునని ఏడువందల ఎనుబది యేండ్లకు పూర్వమే ఒక తెలుగు రాజు గ్రహించెను. కాకతీయ రాజ్యము అస్తమించిన పిమ్మట 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మరల అభయమిచ్చుచు శాసనము వేయించుటనుబట్టి ఆ మాట విలువ తెలియును. కొంతకాలమునకు శ్రీనాథ మహాకవి తన హరవిలాసమును అంకితము పొందిన అవచి తిప్పయసెట్టి ద్వీపాంతరముల వస్తువులు తెప్పించు మహావణిజుడు. సముద్రముపై వచ్చిన సంపద కావ్యమునకు కూడ పోషకమైనది.

అయినను ఈ శాసనములో తరచి చూడదగిన అంశము మరియొకటి కలదు. రాజు గాలిని ఆపెదననలేదు, తుపాను రానీయననలేదు. ఓడలు పగులవని భరోసా ఇయ్యలేదు. పగిలిన తరువాత తన ఒడ్డున దోపిడి జరుగదని మాత్రమే చెప్పెను. ప్రకృతి తెచ్చు ఆపద వేరు, ఆ ఆపదను ఆసరా చేసికొని తోడి మానవుడు తెచ్చు ఆపద వేరు. మొదటిదానిని పూర్తిగా తొలగించుట ఏ ప్రభువునకును శక్యము కాదు. రెండవదానిని తొలగించుటకు శక్తికంటె మనసు ముఖ్యము. సంఘ ధర్మమంతయు ఈ భేదములోనే పుట్టినది.

ఆ శాసనములో ఓడ యజమానుల మేలు కలదు. ఓడ నడిపిన సరంగుల మాట, తెడ్డు వేసిన కళాసుల మాట అందు లేదు. సరుకు దక్కినది, ఆ సరుకుతో మునిగిన కళాసి ఇంట దీపమేమైనదో శిలపై చెక్కబడలేదు. అది ఆ కాలపు దోషమని తోసిపుచ్చుట న్యాయము కాదు. కాలము మారినను ఈ లోపము ఎంతవరకు తీరినదో చూడవలసి యున్నది.

ఇసుకపై పునాది

1833లో, నందన నామ సంవత్సరమున వచ్చిన కరువు గుంటూరు సీమను శ్మశానముగా మార్చినది. దానిని జనులు డొక్కల కరువనిరి. 1839లో కోరింగను ఉప్పెన ముంచినది. నిండుగ పారు గోదావరి ప్రక్కననే ఉన్నను, దాని నీరు సముద్రము పాలగుచుండగా తీర ప్రజలు ఆకలికి చచ్చుచుండిరి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జరిపిన విచారణ పిమ్మట ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్టకు పథకము వేసెను. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసినది.

గోదావరి అక్కడ నడుమ లంకలతో కలిసి నాలుగు మైళ్ల వెడల్పు. క్రింద త్రవ్వినకొద్ది ఇసుక. గట్టి శిల దొరకని చోట రాతికట్టడము నిలుచునా? నిలుచునని కాటన్ నమ్ముటకు ఆధారము సీమ గ్రంథములలో లేదు. తంజావూరు సీమలో కావేరిపై చోళులు కట్టిన కల్లణై అనేక శతాబ్దములుగా ఇసుకపైననే నిలిచియున్నది. కాటన్ కొల్లడముపై 1836లో ఆనకట్టలు కట్టినపుడు ఆ విద్యను పరిశీలించెను. వదులు ఇసుకలో పునాది నిలుపు రహస్యమును ఈ దేశపు పూర్వులనుండియే తాము నేర్చితిమని ఒప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. ఒకని తెగువ వెనుక ఎందరి అనుభవము ఉండునో దీనివలన తెలియును. పూర్వుల అనుభవమును విడిచిన తెగువ జూదమగును. దానిని చేతబట్టిన తెగువకే పని యని పేరు.

పని నడుమ 1848లో కాటన్ ఆరోగ్యము చెడి, సెలవుపై ఆస్ట్రేలియా దిక్కునకు పోవలసి వచ్చెను. ఆనకట్ట ఆగలేదు. కెప్టెన్ ఓర్ పని నడపెను. తెలుగువాడైన వీణెం వీరన్న స్థానికుల నడుమ నిలిచి కూలీలను కూర్చి సాయపడెను. ధవళేశ్వరపు కొండను పగులగొట్టినవారు, రాయి మోసినవారు, నడి ఏటిలో నిలిచి పేర్చినవారు వేలమంది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ కట్టడము నదిని దాటినది. ఉభయ గోదావరి సీమలు అన్నపు గిన్నెలైనవి.

గోదావరి ప్రజలు కాటన్‌ను మరువలేదు. స్నాన సంకల్పములో ఆయన పేరు స్మరించు పండితులుండిరని చెప్పుదురు. పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బారేజీకి కూడ ఆయన పేరే పెట్టిరి. ఊరూర ఆయన విగ్రహములు నిలిచినవి. పరాయి పాలన యంత్రములో పనిచేసిన ఉద్యోగిని ఇంతగా తలచు జాతిని కృతఘ్న జాతి యనరాదు. అయినను ఒక్క మాట. కృతజ్ఞతకు కూడ ఒక సోమరితనము కలదు. వేలమందిని స్మరించుట కష్టము కనుక, అది ఒక్క పేరును పట్టుకొని ఊరట చెందును. విగ్రహము ఒకనికి సరిపోవును. మిగిలినవారికి విగ్రహముకంటె వేరైన ఋణము తీర్పవలసియున్నది.

తట్ట మోసినవారు

ఆ ఋణమెట్టిదో శతాబ్దము గడచిన పిమ్మట కృష్ణపై మరింత స్పష్టమైనది. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. నూట ఇరువదినాలుగు మీటర్ల ఎత్తున, ఒక కిలోమీటరు దాటి మరి నాలుగు వందల యేబది మీటర్ల పొడవున నిలిచిన ఆ రాతికట్టడము ప్రపంచములోని మహా నిర్మాణములలో ఒకటి. దానిని కాంక్రీటుతో గాక రాతితో కట్టుట వెనుక ఒక ఆలోచన కలదు. విదేశముల యంత్రములకు ధనము కొరత, దేశములో పనిచేయు చేతులకు పని కొరత. యంత్రమునకు బదులు మనిషికి పని యిచ్చిన వేలాది కుటుంబములు బ్రదుకునని పెద్దలు తలచిరి.

ఆ తలంపు తప్పు కాదు. కాని ఒకే నిర్ణయమునకు రెండు ముఖములుండును. యంత్రము ఎత్తవలసిన రాయిని మనిషి ఎత్తినపుడు అతనికి కూలి దొరికినది. యంత్రము పడవలసిన చోట మనిషి పడుట కూడ దానితోనే వచ్చినది. ఆకాశమునంటు సారువ కట్టెలపై, ఏటవాలు దారులపై, చీమల బారువలె రాళ్లు మోయుచు స్త్రీ పురుషులు ఎక్కుచున్న ఆనాటి చిత్రములు నేటికిని చూడవచ్చును. వారిలో మరల దిగిరానివారుండిరి. నీటిలో మునిగిన పల్లెలను విడిచి తరలినవారుండిరి. మునుగనున్న నాగార్జునకొండ శిల్పములను త్రవ్వి తీసి, కొండకొమ్మున పదిలపరచిరి. అది మెచ్చదగిన పనియే. రాతిబొమ్మకు దొరికిన శ్రద్ధలో సగమైనను రాయి మోసినవాని వృద్ధాప్యమునకు దొరికినదా యను ప్రశ్న మాత్రము మిగిలినది.

దేశములో పెద్ద ఆనకట్ట ఎక్కడ కట్టినను పాలమూరు కూలీ అక్కడ ఉండెనని చెప్పుట అతిశయోక్తి కాదు. కృష్ణ తెలంగాణమున అడుగిడునది పాలమూరు సీమలోనే. ఇతరుల పొలములకు నీరు పారించిన ఆ చేతుల సొంత చేలు మాత్రము తరతరములుగా వాన కొరకు ఎదురుచూచినవి. ఇటీవలి దశాబ్దములలో ఎత్తిపోతల పథకములు కొంత తడి తెచ్చినవి. అయినను వలస అను మాటకు పాలమూరు పర్యాయపదమై నిలిచిన ఆ యేండ్లు మరుపునకు వచ్చునవి కావు.

మట్టిపనిలో ఒక ఆచారము కలదు. చెరువో కాలువో త్రవ్వువారు నడుమ నడుమ కొంత నేలను త్రవ్వక దిమ్మెలుగా విడిచిపెట్టుదురు. ఎంత లోతు త్రవ్వబడినదో ఆ దిమ్మె ఎత్తునుబట్టి కొలిచి కూలి కట్టుదురు. త్రవ్వి ఎత్తిపోసిన మట్టి కంటికి కనబడదు. అందువలన త్రవ్వని మట్టియే సాక్ష్యము చెప్పవలెను. కొలత ముగిసి కూలి ముట్టిన తరువాత ఆ దిమ్మెను కూడ త్రవ్వివేయుదురు. ఇంక ఆ చెమటకు సాక్షి ఎవరును లేరు. చెరువు నిండును, నీరు మెరయును, ఒడ్డున ఒకరి పేరున రాయి నిలుచును. పనిలోని గొప్ప పనియెల్ల ఇట్లే నీటి అడుగున ఉండును.

తెలిసి వచ్చినవాడు

ప్రమాదములో చిక్కినవానిని గూర్చి లోకము చెప్పు మాట ఒకటి కలదు: 'తెలిసియే గదా వచ్చినాడు!' ఈ మాట వీథి అరుగుపైన మాత్రమే గాక న్యాయపీఠముపైన కూడ కొంతకాలము రాజ్యము చేసినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని న్యాయస్థానములు, కూలికి ఒప్పుకొన్నవాడు పనిలోని అపాయమునకు కూడ ఒప్పుకొన్నట్లేయని చాలకాలము తీర్పులు చెప్పినవి. చెయ్యి తెగిన కార్మికుడు యజమాని తప్పిదమును ఋజువు చేయలేక వట్టిచేతులతో ఇంటికి పోయెడివాడు. 1897లో ఆ దేశమున చట్టము మారినది. మన దేశమున 1923లో శ్రామిక నష్టపరిహార చట్టము వచ్చినది. పనిలో కలిగిన గాయమునకు పరిహారము దయ కాదని, హక్కని ఆ చట్టములు తెలిపినవి. మోటుపల్లి శాసనము ఓడ యజమానికి చేసిన మేలు కళాసికి అందుటకు దాదాపు ఏడు శతాబ్దములు పట్టినదన్నమాట.

'తెలిసి వచ్చినాడు' అను మాటలో ఒక మోసము కలదు. తెలియుట వేరు, వేరు దారి యుండుట వేరు. కొండ ఎక్కు వినోదమునకై పోవువాడు అపాయమును ఎంచుకొనును. ఆకలిగొన్న బిడ్డను ఇంట విడిచి మురుగు గోతిలోనికి దిగువాడు అపాయమును ఎంచుకొనలేదు. అపాయమే అతనిని ఎంచుకొన్నది. మనిషిచేత మలిన మెత్తించుటను నిషేధించుచు 1993లోను, 2013లోను చట్టములు వచ్చినవి. అయినను విషవాయువుతో నిండిన గోతులలో మరణములు ఆగలేదు. చట్టము కాగితముపై అభయమిచ్చినది. ఒడ్డుననున్నవారి మనసు మాత్రము ఇంకను పూర్వపు రాజుల కాలముననే యున్నది.

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలమంది వరకు అసువులు బాసిరి. ఆ అల దైవికము. కాని ఆ అల గడ్డి పాకను మింగి మేడను మిగుల్చుట దైవికము కాదు. ఆ విషాదము పిమ్మట తీరమున తుపాను రక్షణ భవనములు లేచినవి. ముందు హెచ్చరికల ఏర్పాట్లు మెరుగుపడినవి. తరువాతి తుపానులలో గాలి తక్కువగా వీచలేదు, ప్రాణనష్టము మాత్రము తగ్గినది. తలరాత యని తలవంచుకొన్న విషయములలో ఎన్ని చేతిరాతలున్నవో దీనివలన తెలియును.

నేటి నగర వీథిలో వాన కురియుచున్న రాత్రి, నిమిషములు లెక్కపెట్టుకొనుచు మోటారు సైకిలుపై అన్నపు పొట్లము తెచ్చు యువకుడు కూడ ఓడ మల్లయ్యయే. గడప దాకనే అతని పేరు చేతిలోని తెరపై మెరయును. తలుపు మూసిన తరువాత ఆ పేరు మాయమగును. ఆలస్యమైనదని విసుగుకొనువాడు చెడ్డవాడు కానక్కరలేదు. ఒడ్డు చేరినవాడు నదిని మరచిపోవుట మానవ స్వభావము. స్వభావమును తెలిసికొనుట చదువునకు మొదటి మెట్టు, దానిని దిద్దుకొనుట రెండవ మెట్టు.

పరీక్ష యను సముద్రము

పాఠశాలకును ఈ కథకును ఏమి సంబంధమని చదువరులకు తోచవచ్చును. సంబంధము మిక్కిలి దగ్గరది. ప్రతి సంవత్సరము వేసవిలో లక్షలాది బాలబాలికలు పరీక్ష యను సముద్రముపై ఓడ నడుపుచున్నారు. కొందరు చేరుదురు, కొందరి ఓడ పగులును. పగిలిన ఓడ ఒడ్డునకు కొట్టుకొని వచ్చినపుడు ఒడ్డుననున్నవారు ఏమి చేయుచున్నారు?

తప్పినవాని ఒక్క సంవత్సరము పోయినది. అది సుంకమనుకొనవచ్చును, ముప్పది పాళ్లలో ఒక పాలనుకొనవచ్చును. కాని లోకము అంతటితో తృప్తి చెందదు. వాని తెలివిని లాగికొనును, పరువును లాగికొనును. వాని చేతి నేర్పును, మంచితనమును, నవ్వును, రేపటి ఆశను సర్వమును బలవంతముగా లాగికొనును. ఇంట మాట కరవగును, వీథిలో చూపు మారును. గణపతిదేవుడు మాన్పించిన దోపిడి ఇదియే గదా! మోటుపల్లి రేవులో ఆగిన ఆచారము చదువుకొన్నవారి ఇండ్లలో నేటికిని సాగుచున్నది.

2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడినపుడు లెక్కింపులో దోషములున్నవని ఆందోళన చెలరేగెను. ఆ దినములలో ఇరువదిమంది పైబడి విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. తప్పినవారి పత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. అంకెలు దిద్దుకొనవచ్చును, పోయిన ప్రాణమును దిద్దు సిరా ఏ కార్యాలయమునను లేదు. వారి పత్రములో తప్పులున్నవో లేవో యను ప్రశ్నకంటె పెద్ద ప్రశ్న వేరొకటి కలదు. ఒకవేళ నిజముగానే తప్పియుండినను, ఒక పరీక్ష తప్పుటకు బ్రదుకే సుంకమని ఆ పిల్లలకు నేర్పినదెవరు?

పడ్డవాడెప్పుడును చెడ్డవాడు కాడని పెద్దలనిరి. ఈ సామెత బడి గోడపై వ్రాయుటకు గాక, ఫలితములు వచ్చిన సాయంకాలము నోట పలుకుటకు పుట్టినది. తరగతిలో మొదటివాని భుజము తట్టుటకు లోకమంతయు కలదు, ఉపాధ్యాయుడు రాకున్నను లోటు లేదు. తప్పినవాని ఇంటి గడప త్రొక్కుటకు మాత్రము ఉపాధ్యాయుడు తప్ప వేరెవరును రారు. మూడు నిమిషములు కూర్చుండి, 'మరల వ్రాయవచ్చును, రేపు బడికి రమ్ము' అని చెప్పి వచ్చినచాలు. ఆ మాట ఆ పిల్లవానికి అభయశాసనము. దానికి శిల అక్కరలేదు, ఉలి అక్కరలేదు.

దీని వలన శ్రద్ధ సడలునని భయపడువారున్నారు. తప్పినను ఫరవాలేదన్నచో చదువువాడెవడని వారి ప్రశ్న. గణపతిదేవుని అనుభవమే దీనికి సమాధానము. పగిలిన ఓడను దోచుకొననని ఆయన చెప్పినంతమాత్రమున నావికులు అజాగ్రత్తగా ఓడలు నడపలేదు. మరిన్ని ఓడలు ధైర్యముగా సముద్రమున దిగినవి. ఓడినచో సర్వము పోవునను భయము గలవాడు ఒడ్డు విడువనే విడువడు. విడిచినను తెలిసిన దారినే పోవును. తెలియని లెక్కను పట్టుకొనుటకు, కొత్త మాట వ్రాయుటకు, ఎవ్వరును చేయని పని చేయుటకు ముందు, పడినను లేవనెత్తు చెయ్యి ఒకటి కలదను నమ్మకము కావలెను. ఆ నమ్మకము వేళ్లూనిన చోటనే సాహసము గుణమై మొలకెత్తును.

సామెత మొదట మల్లయ్యతో ఆరంభమైనది. ఓడ దిగినవాడు వెనుదిరిగి చూచిన అతడింకను ఏటిలోనే యుండును, మరియొక బారు జనమును దాటించుటకు అవతలి ఒడ్డునకు పోవుచుండును. అతనికి విగ్రహమక్కరలేదు, పద్యమక్కరలేదు. తగిన కూలి, గట్టి ఓడ, మునిగిననాడు ఇంటివారికి అన్నము, దిగిన తరువాత కూడ అదే పేరు. ఈ నాలుగును అతని హక్కులు. బడిలో పిల్లలకు సామెతలు బట్టీ పెట్టించు దినమున ఈ ఒక్క సామెతను మాత్రము తప్పుగా నేర్పినను దోషము లేదు. ఓడ ఎక్కినపుడును ఓడ మల్లయ్యయే, ఓడ దిగిన పిమ్మటను ఓడ మల్లయ్యయే.